మూడో కెమెరా

“ఆ కాగితం మీద సంతకం పెట్టారంటే నేనీ ఇంట్లో ఉండను.”

ఆమె ఈ మాట అరిచి అనలేదు. స్టవ్ మీద పాలు పొంగకుండా చూసుకుంటూ, వెనక్కి తిరగకుండానే అంది. అందుకే భర్త, మెకానిక్ మేస్త్రి, రాయబోతున్న పెన్ను ఆగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అరిచిన మాటలన్నీ సాయంత్రానికి చల్లారిపోయేవి. ఇలా మెల్లగా అన్నవే మిగిలిపోయేవి.

“ఎక్కడికి పోతావు?” అన్నాడు, నవ్వు తెచ్చుకోబోయి.

“అది నేను చూసుకుంటాను. ముందు పెన్నుకి మూత పెట్టండి.”

మేస్త్రి మూత పెట్టలేదు. కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. సినిమా కంపెనీ మేనేజరు నిన్న సాయంత్రం ఇంటికొచ్చి మరీ ఇచ్చిపోయిన కాగితం అది. ఉన్నవి నాలుగే వాక్యాలు. పన్నెండు రోజుల క్రితం షూటింగులో బోల్తాపడిన కారు చక్రాలు బిగించింది తానేనని ఒకటి. ఆ బిగింపులో లోపం వల్లే ముందు చక్రం ఊడిందని ఒకటి. ఇందులో ఇంకెవరి పొరపాటూ లేదని మూడోది. ఇకమీదట యూనిట్ బండ్ల జోలికి రానని నాలుగోది.

“మీరు సరిగ్గా బిగించలేదా?” అని అడిగింది.

“బిగించాను.”

“మరి?”

“బిగించాననే అనుకుంటున్నాను.” అతని గొంతు తగ్గింది. “నాలుగు బోల్టులయ్యాక ఫోనొచ్చింది. లేచి అవతలికి వెళ్ళాను. ఐదోది బిగించి వెళ్ళానా, వచ్చాక బిగించానా, అసలు బిగించానా? పన్నెండు రోజులుగా దాని చుట్టూనే తిరుగుతున్నాను. కళ్ళు మూసుకుంటే చేతిలో పానా కనిపిస్తుంది. బోల్టు కనిపించదు.”

ఆమె స్టవ్ ఆపింది.

“గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయండి. తప్పు నాదని ఎందుకు రాయడం?”

“పెద్దోడే చెప్పాడుగా, స్టీరింగు ఒక్కసారిగా వదులైపోయిందని! బండిలో కూర్చున్నవాడు వాడు. ఎముక విరిగింది వాడికి. నా కొడుకు నా మీద అబద్ధం చెబుతాడా?”

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఉంది. 

“సంతకం పెట్టొద్దంటున్నాను. అంతే.”

“కారణం చెప్పు.”

ఆమె నోరు తెరిచింది. అదే సమయానికి పక్క గదిలోంచి కూతురి చెప్పుల చప్పుడు వినిపించింది. నోరు మూసుకుంది.

“కారణమేమీ లేదు.”

“కారణం లేకుండా నువ్వు గిన్నె కూడా కడగవు. మళ్ళీ అడుగుతున్నాను. నాకు తెలియంది నీకేమైనా తెలుసా?”

“తెలియదు,” అంది ఆమె.

చిట్టి గుమ్మంలో నిలబడింది. ఇరవై మూడేళ్ళొచ్చినా ఇంట్లోనూ యూనిట్‌లోనూ ఆ పిల్ల చిట్టే. కుర్ర డ్రైవర్ల పోటీల మీద తీస్తున్న సినిమాలో హీరోకి డూపుగా కారు నడిపేది అన్న పెద్దోడు, హీరోయిన్‌కి డూపుగా నడిపేది చెల్లెలు. హీరోకి కారు వెనక్కి తీయడం కూడా రాదనీ, తెర మీద మాత్రం గాల్లో తేలిపోతాడనీ ఒకప్పుడు అన్నాచెల్లెళ్ళు చెప్పుకుని పడిపడి నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో నవ్వే లేదు. ఆ రోజు అన్న కారు పల్టీలు కొట్టినప్పుడు వెనక కారులో ఉన్నది చిట్టి. అప్పటినుంచీ సరిగ్గా తిండి తినడం లేదు. కళ్ళారా చూసింది కదా, భయం పట్టుకుందని అందరూ అనుకున్నారు.

“రామ్మా, కూర్చో,” అన్నాడు మేస్త్రి. కూతురితో అతని గొంతే వేరు. “నేనీ కాగితం ఇచ్చేస్తే పని మొదలవుతుంది. ప్రమాదానికి కారణం తేలేదాకా షూటింగు జరపడానికి వీల్లేదని తనిఖీ వాళ్ళు పట్టుబట్టారట. రేపు పొద్దున నీ షాటుతోనే మొదలెడతామన్నాడు మేనేజరు.”

“నాన్నా, నువ్వు...”

మేస్త్రి తలెత్తి చూశాడు. తల్లి కూడా చూసింది.

“టీలో చక్కెర లేదు,” అంది చిట్టి.

టీ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది. ఆ పిల్ల దాన్ని ముట్టుకోనైనా లేదు. హెల్మెట్ తీసుకుని, ప్రాక్టీసుందని గొణిగి వెళ్ళిపోయింది.

మేస్త్రి కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “పదకొండింటికి ఆఫీసుకి వస్తానని చెప్పాను. అక్కడే సంతకం పెడతాను. నీ కళ్ళముందు పెట్టనులే.”

*

పెద్దోడి మంచం ముందుగదిలోకి మార్చారు. తుంటి ఎముకకి ఆపరేషనై, నడుం నుంచి మోకాలిదాకా కట్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కారుకి రెండు పల్టీలు, నాకు నాలుగు స్క్రూలు అని చూడ్డానికొచ్చిన వాళ్ళందరితో హాస్యమాడుతుంటాడు. ఎవరూ లేనప్పుడు ఫోనులో కార్ల వీడియోలు చూస్తుంటాడు, చప్పుడు పూర్తిగా తగ్గించి.

తల్లి ఫోను లాక్కుని బోర్లా పెట్టింది. తలుపు దగ్గరికి వేసింది.

“మూడో కెమెరా కార్డు దొరికింది.”

వాడి మొహంలో హాస్యం ఎగిరిపోయింది.

ఆమె పాతికేళ్ళుగా ఎడిటింగ్ గదుల్లో పనిచేస్తోంది. ఎడిటర్లు మారారు, మెషీన్లు మారాయి, అసిస్టెంటుగా ఆమె మాత్రం అక్కడే ఉంది. అందరూ అక్కయ్యా అంటారు. ప్రమాదం జరిగిన రోజు తీసిన ఫిల్మేదీ ఆమె కంటబడకూడదని డైరెక్టరు గట్టిగా చెప్పాడు. రోడ్డు పక్కన పెట్టిన రెండు కెమెరాలూ తీసిన దృశ్యాలు ఇంకో అసిస్టెంటుకి ఇచ్చేశారు. వాటిలో దుమ్ము తప్ప ఏమీ కనబడలేదని అతనే చెప్పాడు. మూడోది చిట్టి కారు బానెట్‌కి బిగించిన చిన్న కెమెరా. ప్రమాదం చూసి ఆ పిల్ల బ్రేకు వేసిన కుదుపుకి ఊడి ఎక్కడో పడిపోయింది. మైదానం శుభ్రం చేసేవాళ్ళకి దొరికితే, పాత సామానుతో కలిపి పంపించారు. కార్డు మీద పేరు లేదు. ఏముందో చూసి పేరు రాద్దామని నిన్న మధ్యాహ్నం ఆమె దాన్ని తెరిచింది.

పదకొండు సెకన్లు. అంతే.

ముందు కారు అనుకున్న చోటే అడ్డంగా జారింది. అనుకున్నంతే సందు వదిలింది. వెనక కారు ఆ సందులోంచి కుడికి తిరిగి దూసుకుపోవాలి. తిరగడంలో ఆలస్యమైంది. దాని బానెట్ మూల ముందు కారు తోకకి తగిలింది. పెద్ద దెబ్బ కాదు, తలుపు దగ్గరికి వేసినంత. ఆ మాత్రానికే ముందు కారు గిర్రున తిరిగి సిమెంటు గట్టుకి తగిలి పల్టీలు కొట్టింది. చక్రం అప్పుడు ఊడింది.

“చక్రం ఊడి బండి తిరగబడలేదురా. బండి తిరగబడి చక్రం ఊడింది. నీకు తెలుసు.”

పెద్దోడు పైకప్పు వైపు చూశాడు. “ఇంకెవరు చూశారు?”

“నేనొక్కదాన్నే.”

“చెరిపెయ్యి.”

“అదే నా మాటకి నీ జవాబా?”

“అమ్మా, అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే దాని మొహం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. ఫైట్ మాస్టరు నా మీదకి వంగి ఏమైందిరా, ఏమైందిరా అంటున్నాడు. నోటికొచ్చింది చెప్పాను, స్టీరింగు వదులైందని. నింద బండి మీద పోతుందనుకున్నాను. ఎలాగూ తుక్కు కిందకి పోయే బండి. బండి వెనక నాన్న ఉన్నాడని ఆ నిమిషంలో తట్టలేదు.”

“తర్వాత పన్నెండు రోజులున్నాయి. అప్పుడూ తట్టలేదా?”

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

“తట్టింది. కానీ నాన్న ఎలాగూ ఏడాదిలో పని మానేద్దామనుకుంటున్నాడు కదా. చిట్టికి ఇదే మొదలు. అన్నని గుద్దిన పిల్ల అని పేరొస్తే ఇంక ఎవడు పిలుస్తాడు దాన్ని?”

“చెయ్యని తప్పు నెత్తినేసుకుని తలొంచుకుని బయటికి నడవడాన్ని పని మానెయ్యడం అంటార్రా?” ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. వెంటనే తలుపు వైపు చూసి తగ్గించుకుంది. “ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? ఆ ఐదో బోల్టు బిగించానా లేదా అని పక్కన కూర్చుని నన్ను అడుగుతున్నాడు. నన్ను! నేనేదో చూసినట్టు.”

“చిట్టికి తెలిస్తే మళ్ళీ స్టీరింగు ముట్టుకోదు.”

“దానికి తెలియదంటావా?”

“తెలిస్తే దాచుకోగలదా? చిన్నప్పుడు గ్లాసు పగిలితే ఎవరూ అడక్కముందే ఏడుస్తూ వచ్చి చెప్పేది.”

అదీ నిజమే అనిపించింది తల్లికి.

“అబద్ధం నీ నోటినుంచి వచ్చింది. నిజం కూడా నీ నోటినుంచే రావాలి,” అంది. “మీ నాన్న పదింటికి బయలుదేరతాడు. ఈలోగా పిలిచి చెప్పు. నేను పక్కనుంటే నీకు నోరు పెగలదు, అందుకని నా దారిన నేను పనికి పోతున్నాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. అప్పుడు ఆయనకి నువ్వు ఇంకో రకంగా కనిపిస్తావు.”

పెద్దోడు తల ఊపాడు. ఊపినట్టే అనిపించింది ఆమెకి.

*

ఎడిటింగ్ గదిలో చలి. మెషీన్ల కోసం పెట్టిన ఏసీ మనుషుల్ని పట్టించుకోదు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునే ఎడిటరు, ఆమె రాగానే కుర్చీలోంచి లేచాడు.

“అక్కయ్యా, ఒక మాట. మీరు కోప్పడకూడదు.”

“చెప్పండి.”

“నిర్మాతగారు ఆ పల్టీలు సినిమాలో ఉంచమంటున్నారు. నిజంగా జరిగింది కదా, ఎంత ఖర్చు పెట్టినా అలాంటిది రాదంటున్నారు. నేను వద్దన్నాను. వినలేదు. మీరు ఆ భాగం చూడక్కర్లేదు, నేనే కోసుకుంటాను.”

ఆమె తల మాత్రం ఆడించింది. ఆయన ఇబ్బందిగా మఫ్లరు సర్దుకుని టీ తాగడానికి కిందికి దిగాడు.

గడియారం పదీ నలభై చూపిస్తోంది. ఇంటినుంచి ఫోను రాలేదు. చెప్పేసి ఉంటాడు, అందుకే ఎవరూ ఫోను చెయ్యలేదు అని ఒకసారి అనుకుంది. చెప్పి ఉంటే మేస్త్రి ఊరుకునేవాడా అని ఇంకోసారి అనుకుంది.

తలుపు తోసుకుని చిట్టి లోపలికొచ్చింది. చంకలో హెల్మెట్, నుదుటి మీద చెమటకి అంటుకున్న జుట్టు.

“ప్రాక్టీసు అన్నావు?”

“వెళ్ళాను. రెండు రౌండ్లు తిప్పి దిగిపోయాను.” చిట్టి గదిలో ఉన్న తెరలన్నీ ఒక్కొక్కటే చూసింది. “సామాను పంపినవాళ్ళు చెప్పారు. నా బానెట్ మీది కెమెరా దొరికిందట కదా. నీ దగ్గరికే వచ్చిందట.”

“అందులో ఏమీ లేదు.”

“అయితే చూపించు.”

“చిట్టీ...”

“ఏమీ లేనిదాన్ని చూస్తే నాకేమవుతుందమ్మా?”

తల్లి లేచి తలుపుకి గడియ పెట్టింది. ఈ పిల్లకి ఈ సంగతి తెలియకుండా ఎన్నాళ్ళు కాపాడగలం? తెలిసేదేదో ఈ గదిలో, తన పక్కనే తెలియనీ అనుకుంది. పడిపోతే పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. కార్డు పెట్టింది. తెర మీద దుమ్ము రేగిన రోడ్డు కనిపించింది. దూరంగా ముందు కారు.

చిట్టి కుర్చీలో కూర్చోలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

సెకన్లు దొర్లుతున్నాయి. ముందు కారు దగ్గరవుతోంది. అడ్డంగా జారడం మొదలెట్టింది. సందు తెరుచుకుంది.

చిట్టి చెయ్యి ముందుకు సాగింది. వేలితో బొమ్మ ఆపేసింది.

తల్లి తెర వైపు చూసింది. రెండు కార్ల మధ్యా జానెడు జాగా కూడా లేదు. ఇంకొక్క ఫ్రేము కదిలితే తగులుతుంది. నిన్న మధ్యాహ్నం తాను ఇరవైసార్లు ముందుకీ వెనక్కీ జరిపితే గానీ పట్టుకోలేకపోయిన చోటు అది. చిట్టి మొదటిసారికే, కరెక్టుగా అక్కడ ఆపింది.

తల్లి కూతురి వైపు తిరిగింది.

“నీకు తెలుసు,” అంది.

చిట్టి తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు. “స్టీరింగు పట్టుకున్నదాన్ని నేను. రాయి తగిలిందో బండి తగిలిందో చేతులకి తెలియదా? తెలిసింది. ఆ క్షణమే తెలిసింది.”

“ఎందుకు తిప్పలేదే? అన్నయ్య సందు వదిలాడుగా?”

“వదిలాడు. లెక్క ప్రకారమే వదిలాడు.” ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. అదే తల్లిని ఎక్కువ భయపెట్టింది. “నేనే ఆగాను, అర సెకను. ఇంకాస్త దగ్గరికి పోయి తిప్పితే తెర మీద బాగుంటుందనుకున్నాను. చూసినవాళ్ళు చెల్లెలు అన్నని మించిపోయింది అంటారనుకున్నాను. అంతే అమ్మా. ఇంకే కారణమూ లేదు.”

కింద వీధిలో ఏదో బండి హారను మోగుతూనే ఉంది.

“ఆస్పత్రిలో ఫైట్ మాస్టరు వచ్చి చెప్పాడు, మీవాడి స్టీరింగు వదులైందట అని. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. అన్నయ్య లోపల ఆపరేషను బల్ల మీద ఉన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని నేను హమ్మయ్య అనుకున్నాను.”

“వాడు నీకోసమే...”

“నాకోసమే చెప్పాడని నాకు తెలుసు. వాడికి తగిలింది తెలుసని నాకు తెలుసు. నాకు తెలియదని వాడు అనుకుంటున్నాడు. వాడి మంచం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా జోకులేస్తాడు. నేను నవ్వుతాను.” చిట్టి కళ్ళు తుడుచుకుంది, ఏడవకుండానే. “మూడో రోజు నాన్న పేరు బయటికొచ్చింది. ఆ రోజే చెప్పాలి. నాలుగో రోజు చెబుదామనుకున్నాను. ఐదో రోజుకి, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా అని భయమేసింది. రోజురోజుకీ అది పెద్దదైపోయింది. ఇవాళ పొద్దున నోటిదాకా వచ్చింది. టీలో చక్కెర లేదన్నాను.”

తల్లి కొట్టాలనుకుంది. చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి వెళ్ళి కూతురి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

గడియారం పదీ ముప్పావు దాటింది.

ఆమె ముందు పెద్దోడికి ఫోను చేసింది. ఒక్క మోతకే ఎత్తాడు.

“చెప్పావా?”

అవతల మంచం కిర్రుమంది.

“నిన్నే అడుగుతున్నాను. చెప్పావా?”

“నాన్న లోపలికి వచ్చాడమ్మా,” అన్నాడు పెద్దోడు మెల్లగా. “వెళ్తున్నానురా అన్నాడు. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. నిద్రపోతున్నాననుకున్నాడు. దుప్పటి సరిచేసి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.”

ఆమె మాట్లాడకుండా పెట్టేసింది. మేస్త్రికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అప్పటికే చిట్టి చెయ్యి చాచి ఉంది.

“ఇటివ్వు. నేను మాట్లాడతాను.”

“నేను ముందు...”

“అమ్మా, ఇవ్వు.”

ఇచ్చింది. గది చిన్నది, ఫోను పాతది. అవతలి మాటలు ఇద్దరికీ వినిపిస్తూనే ఉన్నాయి.

“ఏమే, ఎన్నిసార్లు చేస్తావు? పెద్దవాళ్ళ ముందు కూర్చుని ఉన్నాను,” అన్నాడు మేస్త్రి, భార్య అనుకుని.

“నాన్నా, నేను. పెన్ను కింద పెట్టు.”

“పెట్టేశానమ్మా.”

చిట్టి ఊపిరి వదిలింది. తల్లి గోడకి ఆనుకుంది.

“సంతకం పెట్టేసి పది నిమిషాలైంది,” అన్నాడు మేస్త్రి. “ఎదురుచూస్తూ కూర్చోవడం దేనికని ముందే వచ్చాను. అయిపోయింది. ఎంత తేలికగా ఉందో తెలుసా? ఇవాళ నిద్రపడుతుందిలే. నువ్వు రేపటి షాటు చూసుకో. మలుపు దగ్గర తొందరపడకు, ముందు బండిని చూసి...”

“ఆ బండిని నేనే తగిలాను నాన్నా.”

అవతల మాట ఆగింది.

“నీ బోల్టులు అన్నీ బిగించే ఉన్నాయి. చక్రం దానంతటది ఊడలేదు. నేను ఆలస్యంగా తిప్పాను. నేను తగిలితే బండి తిరిగింది. ఆ రోజే నాకు తెలుసు.”

ఆఫీసులో ఎవరో నవ్వుతున్నారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత తలుపు. ఆ నవ్వు దూరమైంది. మేస్త్రి బయటికొచ్చి నిలబడ్డాడని తల్లికి అర్థమైంది.

“నీకేమీ దెబ్బ తగల్లేదుగా అప్పుడు?” అన్నాడు.

చిట్టి అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజులుగా రానిది ఒక్కసారిగా వచ్చింది. అతను ఏడవనిచ్చాడు. అడ్డు రాలేదు.

“మీ అన్నకి తెలుసా?” అని అడిగాడు చివరికి.

“తెలుసు.”

“ఊ.”

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారిది వేరు. ముప్పై ఏళ్ళు ఆ మనిషితో కాపురం చేసిన ఆమెకి, ఆ నిశ్శబ్దంలో అతను ఏ మాట దగ్గర ఆగాడో, ఏ మాట వైపు నడుస్తున్నాడో తెలిసిపోయింది. ఫోను కోసం చెయ్యి చాచింది. చిట్టి గమనించలేదు.

“పొద్దున నేను రెండుసార్లు అడిగాను,” అన్నాడు మేస్త్రి. గొంతు చాలా మెల్లగా ఉంది. “మీ అమ్మకి తెలుసా?”

చిట్టి తలెత్తి తల్లి వైపు చూసింది.